అలుపెరుగని మనిషి కాదు

మా పెద్దమ్మ మంగళవారం ఉదయం ఆరున్నరకు జగ్గయ్యపేటలో తన ఇంట్లో చనిపోయింది. నిద్రలోనే గుండె ఆగిందని డాక్టరు చెప్పారు. కొత్త పత్తి ఇంకా దిగలేదు కాబట్టి, పత్తి నుంచి గింజ వేరు చేసే ఆమె జిన్నింగ్ మిల్లులో ఆ పొద్దున మెషిన్లకు గ్రీజు పెడుతున్నారు. కబురు చేరగానే పని ఆపి, గేటు మూసి, అందరూ ఇంటికి వచ్చారు.

మధ్యాహ్నానికల్లా సెంటరులో ఫ్లెక్సీ లేచింది. పెద్దమ్మ ఫొటో, పైన రెండు పావురాలు, కింద "అలుపెరుగని నాయకురాలికి అశ్రునివాళి" అని పెద్ద అక్షరాలు. కట్టినవాళ్లు ప్రేమతోనే కట్టారు, అందులో అనుమానం లేదు. పత్రికలో పనిచేసేవాణ్ణి కాబట్టి నివాళుల్లో ఈ మాట రోజూ చూస్తుంటాను. మామూలుగా పట్టించుకోను. ఈసారి పట్టించుకోక తప్పలేదు, ఎందుకంటే అది తప్పు. పెద్దమ్మ అలిసిపోయింది. ఒక ఏడాది, ఇక లేవదేమో అని మేం భయపడేంతగా అలిసిపోయింది. ఆ సంగతి చర్చి సంఘం అంతటి ముందూ లేచి నిలబడి చెప్పింది. చెప్పినందుకు మాటలు పడింది. పడి కూడా వెనక్కి తగ్గలేదు. ఆమె చేసిన పనుల్లో ధైర్యమైనది ఏదని నన్నడిగితే నేను చెప్పేది అదే. ఫ్లెక్సీ సరిగ్గా దాన్నే తుడిచేసింది.

అందుకని ఇది రాస్తున్నాను. ఇందులో ఉన్నవి నేను చూసినవి, ఆమె నోట విన్నవి, ఆమె కూతురు మా అక్క చెప్పినవి.

పెదనాన్న పోయాక మిల్లు పెద్దమ్మ చేతికి వచ్చింది. ఒక ఆడమనిషి, అందులోనూ క్రైస్తవురాలు, పత్తి వ్యాపారంలో ఒక సీజను నిలబడడమే కష్టమని బజారులో అనుకున్నారు. ఆమె కాటా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. రైతు తెచ్చిన పత్తిని గుప్పిట్లో నలిపి తేమ ఎంతుందో చెప్పేది. తేమ కొలిచే మెషిన్ వేరేగా చూపిస్తే మెషిన్ మాటే ఖాయం చేసేది. "నా చేతికి ఒక్కోరోజు కోపం ఉంటుందయ్యా, మెషిన్‌కి ఉండదు" అనేది. వత్సవాయి వైపు రైతులు ఆమె మిల్లుకే రావడానికి ఆ ఒక్క మాట చాలింది.

వ్యాపారం నిలబడ్డాక సంఘం కూడా ఆమె మీదే పడింది. గుడి పైకప్పు మార్చాలన్నా, సువార్త కూటాలకు పందిరి వేయాలన్నా, యూత్ పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళ్లాలన్నా "మేడం ఉన్నారుగా" అనేవాళ్లు. ఆమె కాదనేది కాదు. దేవుడి పనికి కాదనడం ఆమెకు చేతనయ్యేది కాదు. పొద్దున మిల్లు, సాయంత్రం కమిటీ, ఆదివారం పొద్దుపోయేదాకా సంఘం. విశ్రాంతి దినం అని పేరున్న రోజే ఆమె అన్నిటికంటే ఎక్కువ తిరిగేది.

ఇక్కడ మా సంఘాల్లో ఉన్న ఒక అలవాటు గురించి చెప్పాలి. కొత్త సంవత్సరం మొదటి రోజు ఉదయం ఆరాధన అయ్యాక వాగ్దానం కార్డులు పెట్టిన బుట్ట ఒకటి తెస్తారు. అందులో చెయ్యి పెట్టి ఒక కార్డు తీసుకోవాలి. దాని మీద బైబిలు వాక్యం ఒకటి ఉంటుంది. ఆ ఏడాదికి దేవుడు తమకిచ్చిన మాటగా దాన్ని ఇంట్లో గోడకు అంటించుకుంటారు. ఒక ఏడు పెద్దమ్మ చేతికి విస్తరించమని, వెనకాడవద్దని అర్థం వచ్చే వాక్యం వచ్చింది. సరిగ్గా అప్పుడే నందిగామలో ఒక జిన్నింగ్ మిల్లు అమ్మకానికి ఉంది. పెద్దమ్మకు దాని మీద అంతకు ముందు నుంచే మనసుంది.

కార్డు తీసుకెళ్లి పాస్టరు గారికి చూపించింది.

"ఇంకా ఏం అడగాలండీ? రాతపూర్వకంగా ఇచ్చేశాడుగా!"

ఆయన నవ్వి ప్రార్థన చేశారు. మిల్లు కొన్నారు. ప్రారంభానికి మైలవరం నుంచి కూడా పాస్టర్లు వచ్చారు. ఆ వాక్యాన్ని నల్లరాతి మీద చెక్కించి గేటు పక్క గోడలో బిగించారు. సంఘం పెద్ద ఒకాయన మైకులో, "విశ్వాసం అంటే ఇదీ" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

రెండు మిల్లులకీ పత్తి ఒకేసారి వస్తుంది. అది తెలియనిదేం కాదు. తెలిసీ ఆమె అందులోకి దిగింది, దించింది దేవుడే కాబట్టి నడిపించేదీ ఆయనే అన్న నమ్మకంతో. ఆ సీజను సగానికి వచ్చేసరికి ఇంట్లో మార్పు కనిపించిందని అక్క చెబుతుంది. అన్నం ముందు కూర్చుని కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టి, మధ్యలో ఆ రోజు పత్తి రేటు చెప్పేసేది. మొదట్లో పిల్లలు నవ్వేవాళ్లు. పెద్దమ్మ కూడా నవ్వేది. తర్వాత తర్వాత ఆమె నవ్వడం మానేసింది. ఆపైన ప్రార్థన కూడా మానేసి, నేరుగా అన్నం కలపడం మొదలుపెట్టింది. మిల్లులో ఆడవాళ్ల మీద అరిచేది. అరిచాక ఎందుకరిచిందో గుర్తుండేది కాదు.

ఒక శుక్రవారం కారులో నందిగామ బయల్దేరింది. నడుపుతున్నది ఎప్పుడూ ఆమె వెంట ఉండే డ్రైవరు భాయి. జగ్గయ్యపేటలోనే పుట్టి పెరిగిన మనిషి, పెదనాన్న కాలం నుంచీ ఇంట్లో ఉన్నవాడు, నోరు ఊరుకోదు. చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కబోతుండగా నందిగామ నుంచి ఫోన్: బేళ్లు కట్టే ప్రెస్ ఆగిపోయింది. అది మాట్లాడుతుండగానే పేట నుంచి ఇంకో ఫోన్: తేమ దగ్గర రైతులకీ మేనేజరుకీ గొడవ, వెంటనే రావాలి.

"అమ్మా, ముందుకా వెనక్కా?" అన్నాడు భాయి.

అతను కారు పక్కకు తీసి టీ బడ్డీ దగ్గర ఆపాడు.

"ఎటు పోదామమ్మా?"

"తెలియట్లేదు భాయ్."

"టీ తాగితే తెలుస్తదేమో."

"టీ కాదు. నాకు నిజంగా తెలియట్లేదు."

అతను వెనక్కి తిరిగి చూశాడు. ఫోన్ ఆమె ఒళ్లో మోగుతూనే ఉంది. ఆమె దాన్ని ఎవరిదో వస్తువును చూసినట్టు చూస్తోంది.

"జుమ్మా టైమైంది. మసీదు పక్కనే. నేను పోయి నమాజు చదువుకుని వస్తా. ఈలోగా మీరు మీ దేవుణ్ణి అడగండి."

"అడగడానికి ఖాళీ ఎక్కడేడ్చింది?"

"అదేందమ్మా, మీ దేవుడికి కూడా కాల్ వెయిటింగేనా?"

అనేసి టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. తనకు ముందు ఒళ్లు మండిందని పెద్దమ్మ తర్వాత నాతో చెప్పింది. "జీతమిచ్చేది నేను, తీరిగ్గా వెళ్లేది వాడూనా అనిపించిందిరా." అప్పుడు ఫోన్ ఆపేసింది. హైవే మీద లారీలు పోతున్నాయి. అతను వచ్చేదాకా అలాగే కూర్చుంది.

ఈ సంగతి చెబుతున్నప్పుడు నేను వృత్తి అలవాటు కొద్దీ అడిగాను: "అప్పుడు దేవుడు ఏమన్నాడు పెద్దమ్మా?"

"ఏమీ అనలేదు. నేను నోరు మూసుకోవడం మాత్రం చాలా రోజులకి అదే మొదలు."

భాయి తిరిగొచ్చి మళ్లీ ఎటని అడిగితే "ఇంటికి" అంది. రెండు మిల్లులనూ అలాగే వదిలేసి ఇంటికి వెళ్లి పడుకుంది. మర్నాడు లేవలేదు. ఆ మర్నాడూ లేవలేదు. నందిగామలో డాక్టరు పరీక్షలన్నీ చేసి, జబ్బేమీ లేదు, మనిషి వాడిపోయింది, పని ఆపాలి అన్నాడు. అక్క అప్పట్లో కాలేజీలో పాఠాలు చెప్పేది. సెలవు పెట్టి పేట మిల్లు చూసుకోవడం మొదలుపెట్టింది.

నందిగామ మిల్లు వదిలేస్తే సరిపోతుందని అక్క అంటే పెద్దమ్మ వణికిపోయేది. నష్టం గురించి కాదు ఆమె భయం. దేవుడు ఇచ్చాడని తీసుకున్నదాన్ని వదిలేస్తే దేవుణ్ణే వదిలేసినట్టు అవుతుందా అని. అది ఆమెకు వ్యాపారానికి సంబంధించిన ప్రశ్న కాదు. పెళ్లి ముందు నుంచీ ఆమె బతుకు నిలబడ్డది ఆ నమ్మకం మీద. మిల్లు పోతే అదీ పోతుందేమోనని మంచం మీద పడి ఉండి దాన్ని పట్టుకు వేలాడింది. చూడడానికి వచ్చిన సంఘం పెద్దలు ఆ భయానికి ఇంకాస్త నూనె పోశారు. "ఇది శోధనమ్మా, దేవుడు పెట్టిన పరీక్ష, విశ్వాసం తగ్గనివ్వకండి." "నాగలి పట్టాక వెనక్కి చూడకూడదు." "ఉపవాస ప్రార్థన పెడదాం, మీరే లీడ్ చేయండి." చివరి మాట అన్నాయన్ని అక్క గేటు దాకా సాగనంపి, రేపటి నుంచి రావద్దని చెప్పింది.

పాస్టరు గారు మాత్రం వచ్చి ఊరికే కూర్చునేవారు. ఒక మధ్యాహ్నం పెద్దమ్మ వరండాలోకి వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. నేను అక్కడే ఉన్నాను.

"పాస్టరు గారూ, ఒకటి అడుగుతా, నిజం చెప్పండి. ఆ కార్డు నాకు రాకపోయి ఉంటే నేను నందిగామ మిల్లు కొనేదాన్నా, కాదా?"

"కొనేవారేనమ్మా."

"వద్దనే అర్థం వచ్చే కార్డు వచ్చి ఉంటే?"

"ఏమో. ఇంకో కార్డు తీసేవారేమో."

పెద్దమ్మ పగలబడి నవ్వింది. ఆ ఏడాదిలో ఆమె నవ్వడం నేను అప్పుడే విన్నాను. నవ్వి, "మరి ఆయన దారి చూపించిందెక్కడ? నేను చూపించిన దారికి ఆయన చేత సంతకం పెట్టించా" అంది. పాస్టరు గారు కాదనలేదు. సమర్థించే మాట కూడా ఏదీ వెతకలేదు. అందుకు ఆయన మీద నాకు గౌరవం.

తర్వాతి ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. సాక్ష్యం అంటే దేవుడు చేసిన మేలు నలుగురికీ చెప్పడం. జబ్బు తగ్గిందనో, ఉద్యోగం వచ్చిందనో చెబుతారు. పెద్దమ్మ లేచింది. సన్నబడిపోయింది, చీర భుజం మీద నిలవడం లేదు. మైకు తీసుకోలేదు.

"నందిగామ మిల్లు దేవుడు కొనమన్నాడని ఇదే గుడిలో నిలబడి చెప్పా. అది తప్పు. కొనాలని నాకుంది, ఆయన పేరు వాడుకున్నా. ఆయన ఇంతకాలం నన్ను ఆగమంటూనే ఉన్నట్టున్నాడు, నేను వినిపించుకోలా. ఆ మిల్లు అమ్మేస్తున్నా. గుడిలో కమిటీలన్నీ కూడా వదిలేస్తున్నా. నేను అలిసిపోయా. అలిసిపోయానని చెప్పడం విశ్వాసం లేకపోవడమే అయితే, లేదనే అనుకోండి. ఆయన మాత్రం అలా అనుకోడని నాకు తెలుసు."

మిల్లు ప్రారంభం రోజు మైకులో విశ్వాసం గురించి చెప్పిన పెద్దాయనే ముందు వరసలోంచి అన్నాడు: "స్తోత్రం అనేసి కూర్చోండమ్మా."

"కూర్చుంటానండీ. కూర్చోడానికేగా అమ్ముతోంది!"

వెనక ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ పెద్దాయన ఆ తర్వాత చాలాకాలం ఆమెతో మాట్లాడలేదు. ఆమె విశ్వాసం చల్లారిందని, మనసు బాగాలేదని, కూతురు చెడగొట్టిందని రకరకాలుగా అన్నారు. ముందు వరసలో ఆమెకు కుర్చీ వేయడం మానేశారు. పెద్దమ్మ వెనక బెంచీకి మారింది. అక్కడ ఫ్యాను గాలి బాగా తగులుతుందని చెప్పేది. ఒక్క ఆదివారం కూడా మానలేదు. మానుతుందని ఎదురుచూసిన వాళ్లకు అది మింగుడు పడలేదు.

మిల్లు కొన్నది నందిగామలో తరతరాలుగా వ్యాపారంలో ఉన్న హిందూ కుటుంబం. ఆ ఇంటి పెద్దాయన మర్యాదస్తుడు. గేటు పక్కన ఉన్న వాక్యం గురించి ఆయనే అడిగాడు.

"దేవుడి మాట కదండీ, మీరు ఉంచమంటే ఉంచేస్తాం. మాకేం అభ్యంతరం లేదు."

"తీసేయండి బాబూ. మాట ఆయనదే. గోడకెక్కించింది నేను."

ఆ తర్వాత పెద్దమ్మ వ్యాపారం మానేయలేదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఆమె అన్నీ వదిలేసి మూల కూర్చుందని కూడా ఒక కథ తిరుగుతోంది. పేట మిల్లు చివరి రోజు దాకా ఆమే నడిపింది, అక్కను పక్కన పెట్టుకుని. మారింది నడిపే పద్ధతి. పొద్దున మెషిన్లు వేయకముందు పత్తి షెడ్డులో ఒక్కతే కూర్చునేది. ఫోన్ భాయి దగ్గర ఉండేది. ఏ పెద్ద విషయానికైనా అడిగిన రోజునే ఔనని చెప్పడం మానేసింది. ఎవరేమడిగినా "రేపు చెప్తా" అనేది. బ్రోకర్లు ఆమెకు "రేపు మేడం" అని పేరు పెట్టారు. మిల్లులో అడుగు పెడుతూనే ఒకడు గట్టిగా, "రేపు మేడం ఇవాళ ఉన్నారా అండీ?" అని అరిచేవాడు. "ఉన్నా, జవాబు రేపే" అని లోపల్నుంచి వినిపించేది.

ఆ ఒక్క రాత్రిలో దేవుడు ఆమెకు ఏం చెబుతాడో, ఎలా చెబుతాడో నాకు అర్థమయ్యేది కాదు. మా వృత్తిలో ఒక మనిషి చెప్పినదాన్ని ఇంకో మనిషి చేత ఖాయం చేయించుకోనిదే రాయం. ఒకసారి అదే అడిగాను: "నీకు వినిపించింది ఆయన మాటేనని ఖాయం చేసేదెవరు పెద్దమ్మా?"

ఆమె నన్ను ఎగతాళి చేస్తుందనుకున్నాను. చేయలేదు.

"ఖాయం చేసేవాళ్లు ముగ్గురున్నారు. మీ అక్క, పాస్టరు గారు, భాయి. ముగ్గురికీ నాకు కాదని చెప్పే ధైర్యం ఉంది. వాళ్లకి చెప్పి, వాక్యం చదువుకుని, ఊరుకుంటా. ఇంకొకటి కూడా ఉంది. దేవుడు చెప్పేది ఎప్పుడూ నాకు నచ్చేదే అయితే, అది ఆయన చెప్పడం కాదురా, నేను చెప్పుకోవడం."

ఒక సీజనులో బయటి రాష్ట్రం కంపెనీ ఒకటి పెద్ద ఆర్డరుతో వచ్చింది. తీసుకోవాలంటే మిల్లు రాత్రీ పగలూ, ఆదివారాలు కూడా నడవాలి. పెద్దమ్మకు ఎంత నచ్చిందో ఆమె ముఖంలోనే కనిపించిందని అక్క అంటుంది. రేపు చెప్తానంది. మర్నాడు వద్దంది. భాయి కూడా తల పట్టుకున్నాడట: "ఈసారి నేను కాదనలేదు కదమ్మా!" "నువ్వు కాదనలేదు. ఆయనన్నాడు."

ఆ ఆర్డరు వేరే మిల్లు తీసుకుంది. వాళ్లకు ఏ నష్టమూ రాలేదు, బాగానే చేసుకున్నారు. దేవుడి మాట విన్నందుకు పెద్దమ్మకు లాభం వచ్చిందని రాయడానికి నా దగ్గర ఆధారం లేదు. ఆమె కూడా ఎప్పుడూ అలా చెప్పుకోలేదు. నిద్ర మాత్రం వచ్చింది. దానికి ఆధారం ఉంది: పక్క గదిలో పడుకునే అక్క ఆమె గురక గురించి ఫిర్యాదు చేయని రోజు లేదు. అన్నం ముందు ప్రార్థన మొదలుపెడితే ఆమెన్ దాకా వెళ్లేది. మిల్లులో ఆడవాళ్లు ఆమె వస్తుంటే మాటలు ఆపడం మానేశారు. కొత్త సంవత్సరం ఉదయాన బుట్టలోంచి కార్డు తీసుకునేది కూడా. చదివి, "బాగుంది, చూద్దాం" అని బైబిల్లో పెట్టుకునేది.

ఆమె దగ్గరకు చుట్టుపక్కల నుంచి వ్యాపారాలు చేసే విశ్వాసులు వచ్చేవాళ్లు. మిర్చి వ్యాపారి, స్కూలు నడిపే దంపతులు, మందుల షాపు ఆయన. వచ్చిన ప్రతి ఒక్కరూ ఒకే మాట అనేవాళ్లు: దేవుడి కోసమే చేస్తున్నాం కానీ ఓపిక లేదు. ఆమె వాళ్లకు ప్రసంగం చేసేది కాదు. "ఆయన అడిగాడా, నువ్వే ఇస్తున్నావా?" అనేది. కొందరికి కోపం వచ్చేది. కొందరు మళ్లీ వచ్చేవాళ్లు.

బుధవారం సాయంత్రం సమాధుల తోటలో భూస్థాపన జరిగింది. మట్టి వేయడం అయ్యాక, ఒకప్పుడు మాట్లాడడం మానేసిన ఆ పెద్దాయన అక్క దగ్గరకు వచ్చాడు. ఆయన కళ్లు నిజంగానే తడిగా ఉన్నాయి.

"అమ్మాయ్, అమ్మ పేరున నందిగామలో మళ్లీ ఒక మిల్లు పెట్టు. స్థలం చూసిపెట్టే బాధ్యత నాది. ఇంతకంటే మంచి స్మారకం ఉండదు. శనివారం కూటంలో ప్రకటించేద్దాం."

"వద్దండీ."

"ఇప్పుడే చెప్పకమ్మా. ప్రార్థన చేసుకుని చెప్పు."

"అమ్మ ఆ ప్రశ్న ఆయన్ని అడిగి, ఏడాది మంచాన పడి, జవాబు తెచ్చుకుందండీ. మళ్లీ అడిగి ఆయన్ని విసిగించను."

పెద్దాయన తల ఊపి వెళ్లిపోయాడు.

పోయినవారి కుటుంబం కోసం పెట్టే ఆదరణ కూటం ఈ శనివారం ఉదయం పదింటికి పేటలో మా గుడిలోనే. వాక్యం పాస్టరు గారు చెబుతారు. ఆ తర్వాత కుటుంబం తరఫున అక్క మాట్లాడుతుంది. అమ్మ అలిసిపోయిన సంవత్సరం గురించే మాట్లాడతానని, అది వినలేని వాళ్లు ముందే భోజనాలకు వెళ్లవచ్చని నాతో చెప్పింది. సోమవారం మిల్లు తెరవరు. కొత్త పత్తి ఈ వారాంతంలోనే మిల్లులకు దిగుతుంది, సీజనుకు మొదటి వారమే గిరాకీ ఎక్కువ, అయినా తెరవరు. తనకు ఏడవడానికి వారం రోజులు కావాలని అక్క మేనేజరుకు చెప్పింది. ఆయన రైతులందరికీ ఫోన్లు చేశాడు. కొందరు వేరే మిల్లులకు వేస్తారు, అది అక్కకు తెలుసు. మిగిలిన వాళ్లు సరేనన్నారు. అప్పటిదాకా దాచుకోవడానికి వత్సవాయి రైతులు ఇప్పటికే ముందు గదులు ఖాళీ చేసి, మంచాలు బయట వేసుకుని, ఏరిన పత్తిని లోపల కిటికీల ఎత్తున పోస్తున్నారు. ఆ పై సోమవారం ఉదయం ఎనిమిదింటికి కాటా తెరుస్తారు.